పాటకు ముఖము, ముఖమునకు పేరు

హైదరాబాదు పాతబస్తీలో ప్రొద్దుటివేళ చార్మినారు కడకు పోయినవారికి తఱచుగా నొక వేడుక కనబడును. నలుగురైదుగురు పడుచువాండ్రు గుమిగూడియుందురు. ఒకని చేత సెల్‌ఫోను. ఒక చిన్న పెట్టెనుండి పాట మ్రోగుచుండును. నడుమనున్నవాడు ఆ పాటకు సరిగా పెదవులు కదలించుచు, చేతులాడించుచు ముందునకు నడచి వచ్చును. వెనుక 1591లో కట్టిన కట్టడము నిలిచియుండును. బాటసారులు చూచి నవ్వి పోవుదురు. మేమును మొదట నవ్వినవారమే. పిమ్మట మాకొక ప్రశ్న తోచినది: ఈ పాటలో గొంతెవరిది? ముఖమెవరిది? మాటలెవరివి? వీరి పేళ్లు ఎచట నున్నవి?

లోకులు మ్యూజిక్ వీడియో యని పిలుచు దీనిని మేమిచట దృశ్యగీతమందుము. గొంతు, ముఖము, పేరు అను మూడును ఎట్లు విడివడెనో, మరల నెట్లు కలిసెనో తెలుపునదే దీని చరిత్రయని మా యభిప్రాయము. ఆ మూడును ఒక్క మనిషియందే యున్న కాలము ఈ నగరమునకు తెలియును. మహలఖా బాయి చందా (1768–1824) నిజాముల కొలువులో గాయని, నర్తకి, ఉర్దూ కవయిత్రి. 1799లో నొక నాట్యసభలో నామె తన గజళ్ల వ్రాతప్రతిని కెప్టెన్ మాల్కమునకు కానుకగా నిచ్చెను. ఆ ప్రతి నేడు లండనులో భద్రముగా నున్నది. ఆమె సమాధి మౌలాలి గుట్టచెంత కలదు. పాడినదామె, ఆడినదామె, వ్రాసినదామె. పుస్తకముండుటచేత పేరు నిలిచినది. తరువాతి కాలమున మన సంస్కర్తలు మేజువాణులను ఖండించిరి. స్త్రీని వేడుకవస్తువుగా జేయు నాచారమును ఖండించుట న్యాయమే. కాని యా యాచారముతోపాటు ఆ స్త్రీల విద్యను, పేళ్లను గూడ మఱచితిమి. అది న్యాయము కాదు.

గ్రామఫోను వచ్చి గొంతును ముఖమునుండి వేఱుచేసినది. 1902లో కలకత్తాలో రికార్డులిచ్చిన గౌహర్ జాన్, పాట చివర తన పేరు తానే యింగ్లీషులో చెప్పుకొనెను. ముఖము పోయినను పేరు పోలేదు. 1931లో ‘ఆలం ఆరా’, 1932లో తెలుగు ‘భక్త ప్రహ్లాద’ వెలువడినప్పుడు తెరపై కనబడినవారే పాడిరి. 1935 మొదలు నేపథ్యగానము ప్రబలెను. అప్పటినుండి ముఖమొకరిది, గొంతొకరిది. 1949లో ‘మహల్’ చిత్రపు పాటకు రికార్డుమీద పాడిన లతా మంగేష్కరు పేరునకు మాఱుగా, కథలోని పాత్రపేరు కామిని యని యచ్చువేసిరి. శ్రోతలు పాడినదెవరని పట్టుబట్టి యడిగిన పిమ్మటనే యసలు పేరు వెలికివచ్చినది. అడిగినగాని పేరు రాదని దీనివలన మనము నేర్వవలసియున్నది.

పాశ్చాత్యదేశములలో దృశ్యగీతము అంగడి త్రోవను బుట్టినది. 1894లో న్యూయార్కునందు మార్క్సు, స్టెర్ను అను పాటల వర్తకులు తమ ముద్రితప్రతులు అమ్ముడుపోవుటకై, గాయకుడు పాడుచుండగా తెరపై బొమ్మలు వేయించిరి. 1940 ప్రాంతమున నాణెము వేసినచో మూడు నిమిషముల పాటచిత్రమును చూపు పెట్టెలు అమెరికా హోటళ్లలో వెలసినవి. 1981 ఆగస్టు 1న ఎం.టీ.వీ. ఆరంభమైనది. ముఖము చూపి రికార్డు నమ్ముటయే వీని యుద్దేశము. మన దేశములో సినిమాయే యా పని చేయుచుండుటచే దృశ్యగీతమునకు వేఱు ఉనికి యాలస్యముగా వచ్చినది. దూరదర్శనులో చిత్రలహరి చూచుటకు ఇరుగుపొరుగు లొక్క యింట జేరిన ముచ్చట మనలో పెక్కురకు జ్ఞప్తియుండును. 2005లో యూట్యూబు పుట్టెను. 2016లో జియో రాకతో ఇంటర్నెట్టు చవక యాయెను. అంతట సినిమా వారి దయ లేకయే గల్లీ కుఱ్ఱవాడు పాట కట్టి లోకమున కందింపగలిగెను.

ఈ క్రొత్త పాటలకును సంప్రదాయము లేర్పడినవి. డ్రోనుతో పైనుండి నగరమును జూపుట, పిమ్మట చార్మినారు, లాడ్ బజారు గాజుల దుకాణములు, మోటారుసైకిళ్ల వరుస, గాయకుని వెనుక స్నేహితుల గుంపు, మర్ఫా దరువు. ఈ మర్ఫా నిజాము సైన్యమున కొలువు చేసిన యెమెను అరబ్బులు, ఆఫ్రికా సంతతి సిద్దీలు మన కిచ్చిన సొత్తు. నేడది మతభేదము లేక పెండ్లి ఊరేగింపులలో మ్రోగుచున్నది. పద్యమునకు యతిప్రాసలవలె పాటకు పద్ధతి యుండుట తప్పు గాదు. కాని యిందు వీధి కనబడునే గాని లోగిలి కనబడదు.

తెరపై ముఖమునకు కీర్తి యెట్లో, నింద యట్లే. 2021 బోనాలనాడు మంగ్లీ పాడిన పాటలో అమ్మవారి నుద్దేశించిన యొక మాటపై ఆక్షేపణ పుట్టెను. మాటలు వ్రాసినవారు వేఱొకరు. కోపము మిక్కిలిగా గాయనిపై బడెను. తుదకు మాట మార్చిరి. మఱియు తెర కెక్కినది వెనుకకు రాదు. 2019లో రుహాన్ అర్షద్ అను హైదరాబాదు యువకుని ‘మియా భాయ్’ కోట్లసారులు చూడబడెను. మఱుసటి యేడు అతడు, సంగీతము తన మతమునకు విరుద్ధమని చెప్పి, దానిని విడుచుచున్నట్లు ప్రకటించెను. మనసు మార్చుకొనుట యతని స్వాతంత్ర్యము. లోకము చూచినదానిని చూడనట్లు చేయుట యతని చేతిలో లేదు.

ఇక లోగిలి మాట. పాతబస్తీ ముస్లిము గృహములలో మంఝా, సాంచక్, మెహెందీ వేడుకలకు స్త్రీలు చేరి ఢోలకు వాయించుచు దక్ఖనీ భాషలో పాడు పాటలు కలవు. వానిని ఢోలక్ కే గీత్ అందురు. వియ్యపురాలిని ఎగతాళి చేయుట, పెండ్లికొమరుని ఆటపట్టించుట, పుట్టినిల్లు విడుచు పిల్ల దుఃఖము చెప్పుట వాని విషయములు. మన తెలుగిండ్ల వియ్యాలవారి పాటలకును, అప్పగింతల పాటలకును ఇవి తోబుట్టువులు. వీనిని కట్టినదెవరు? ఏ తల్లియో, ఏ మేనత్తయో, పేరు లేదు. మహలఖా బాయికి పుస్తకముండెను, గౌహర్ జానుకు రికార్డుండెను. ఈ గృహిణులకు రెండును లేవు. నేడు మాత్రము పెండ్లింట ప్రతి చేతిలోను ఫోనున్నది. అడుగకయే చిత్రించుచున్నారు, చెప్పకయే లోకమునకు విడుచుచున్నారు. ముఖము పోవుచున్నది, గొంతు పోవుచున్నది. పేరు మాత్రము ఎప్పటివలెనే యింటనే యుండిపోవుచున్నది.

కావున చదువరులను మేము కోరునది స్వల్పము. మీ యింట పెండ్లిపాటను చిత్రింపదలచినచో ముందు పాడువారి యనుమతి నడుగుడు. ముఖము చూపుటకు ఇష్టము లేనివారి చేతులను, ఢోలకును చిత్రించిన చాలును. వారి గొంతునకు గౌరవము తగ్గదు. వారు సమ్మతించినచో పేరు వ్రాయుడు. పాట నెవరివద్ద నేర్చితిరో యడిగి యా పేరును వ్రాయుడు. ముసలివారున్నప్పుడే యీ పని జరుగవలెను. వారు పోయిన పిమ్మట పాట దొరకవచ్చును గాని, పేరు చెప్పువారు దొరకరు.