క్లోమ కాన్సరు దశా నిర్ధారణ

క్లోమ కాన్సరు దశా నిర్ధారణ అనగా క్లోమ గ్రంథిలో పుట్టిన కాన్సరు ఎంతవరకు వ్యాపించిందో శస్త్రచికిత్సకు ముందే తెలుసుకొనే ప్రక్రియ. వ్యాధి బయటపడే నాటికి సుమారు 15 నుండి 20 శాతం రోగులకు మాత్రమే గడ్డను పూర్తిగా తొలగించే అవకాశం ఉంటుంది. వ్యాధి అప్పటికే కాలేయానికి పాకి ఉంటే ఇంత పెద్ద శస్త్రచికిత్స వలన సాధారణంగా ప్రయోజనం ఉండదు. పైగా కోలుకొనడానికి పట్టే వారాలలో కీమోథెరపీ ఆలస్యమవుతుంది.

రక్తనాళాలతో సంబంధం

క్లోమం జీర్ణాశయం వెనుక ఉంటుంది. ప్రేగులకు రక్తాన్ని అందించే సుపీరియర్ మెసెంటరిక్ ధమని, దాని పక్కనున్న సిర క్లోమం మెడభాగం వెనుకగా పోతాయి. ఈ నాళాలను గడ్డ ఎంత మేర చుట్టుకొన్నదనేదే నిర్ణయానికి కీలకం. ధమనులను తాకకుండా, సిరను తాకినా 180 డిగ్రీలు మించకుండా, సిర ఆకారం చెడకుండా ఉంటే తొలగించదగిన గడ్డగా పరిగణిస్తారు. ఈ ధమని చుట్టుకొలతలో సగం వరకు తాకితే సరిహద్దు స్థితి అనీ, అంతకు మించితే స్థానికంగా ముదిరిన స్థితి అనీ అంటారు. సిరను కొంత కోసి తిరిగి అతకవచ్చు గాని, ధమని విషయంలో అది చాలా ప్రమాదకరం.

టి-ఎన్-ఎం పద్ధతి 8వ కూర్పు ప్రకారం 2 సెం.మీ. వరకు ఉన్న గడ్డ టి1. అయితే ప్రధాన ధమనులను ఆక్రమించినది ఎంత చిన్నదైనా టి4 అవుతుంది. కనుక గడ్డ చిన్నదని తెలిసినంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి వీలు లేదు.

పరీక్షలు

ముఖ్యమైనది రంగు మందు ఎక్కించి, పలుచని పొరలుగా, రెండు దశలలో తీసే సీటీ స్కాన్. మొదటి దశలో గడ్డ, ధమనులు, రెండవ దశలో సిరలు, కాలేయం స్పష్టమవుతాయి. పచ్చకామెర్లకు పైత్యరస నాళంలో స్టెంటు వేయవలసి వస్తే, వీలైనంతవరకు స్కాన్ ముందే తీయాలి. తరువాత వచ్చే వాపు వలన గడ్డ అంచులు సరిగా తెలియవు. కాలేయంలో సందేహాస్పదమైన మచ్చలుంటే ఎమ్మారై చేస్తారు. కీమోథెరపీ ముందుగా ఇవ్వదలిస్తే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ద్వారా సూదితో ముక్క తీసి పరీక్షించడం తప్పనిసరి. నేరుగా శస్త్రచికిత్సకు వెళ్ళేవారికి ఇది సాధారణంగా అవసరం లేదు.

రక్తంలో సీఏ 19-9 బాగా ఎక్కువగా ఉంటే, స్కాన్‌లో కనబడని వ్యాప్తి ఉందేమోనని లాపరోస్కోపీతో ఉదరకుహరాన్ని చూస్తారు. ఈ పరీక్షకు పరిమితులున్నాయి. కామెర్లలో కాన్సరు లేకున్నా దీని విలువ పెరగవచ్చు. లూయిస్ ప్రతిజనకం లేనివారిలో కాన్సరు ఉన్నా పెరగదు.

సరిహద్దు స్థితిలో కొన్ని నెలల కీమోథెరపీ తరువాత మరల దశను నిర్ధారిస్తారు. అప్పుడు నాళం చుట్టూ మిగిలినది కాన్సరో, మచ్చకట్టిన కణజాలమో సీటీలో వేరుపరచడం కష్టం. కాబట్టి గడ్డ తగ్గినట్లు కనబడకపోయినా, వ్యాధి పెరగక సీఏ 19-9 పడిపోయిన రోగులలో ఉదరం తెరచి చూసి నిర్ణయించడం జరుగుతుంది.