అనుబంధ సంస్థలతో కంపెనీల ఆర్థిక లావాదేవీలు: చట్టం, పర్యవేక్షణ, అనుభవాలు

(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం నేపథ్య వ్యాసం)

శ్రీకాకుళం, విజయనగరం: ఒక కంపెనీ తన అనుబంధ సంస్థకు అప్పు ఇవ్వడం, ఆ సంస్థ తెచ్చుకున్న రుణానికి హామీగా నిలవడం, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మరో కంపెనీ నుంచి భూమి గానీ సరుకు గానీ కొనుగోలు చేయడం వాణిజ్య రంగంలో నిత్యం జరిగే విషయాలే. చట్ట పరిభాషలో వీటిని సంబంధిత పక్షాల లావాదేవీలు అంటారు. చట్టం వీటిని నిషేధించలేదు. ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి ఒకరివే అయినప్పుడు ఆ బేరం వల్ల ఎవరికీ అన్యాయం జరగకుండా చూడటమే చట్టం ఉద్దేశం. ఇందుకు మూడు అంశాలు కీలకం. ధర ఏ ప్రాతిపదికన నిర్ణయమయింది? ఆ లావాదేవీలో స్వప్రయోజనం లేనివారు దానిని ఆమోదించారా? వివరాలు సకాలంలో బహిరంగపరిచారా?

ఉత్తర కోస్తా జిల్లాలకు ఇది దూరపు విషయం కాదు. గరివిడి ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమ, పైడిభీమవరం ఔషధ పరిశ్రమలు, భోగాపురం విమానాశ్రయం వంటివన్నీ మాతృ సంస్థలు, అనుబంధ సంస్థలతో కూడిన కంపెనీల నిర్వహణలోనే రూపుదిద్దుకున్నాయి. వాటి గురించి వార్తలు రాసే పాత్రికేయులకు, అనుమతులు, ఒప్పందాలు పరిశీలించే అధికారులకు ఈ నిబంధనలపై అవగాహన అవసరం.

ఫేకర్ ఉదంతం: హామీ తెచ్చిన భారం

విజయనగరం జిల్లా గరివిడి వద్ద శ్రీరామ్‌నగర్‌లో వెలసిన కర్మాగారంతో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ పేరు ఈ ప్రాంతంలో సుపరిచితమైనది. 1955లో స్థాపితమైన ఈ కంపెనీని ప్రజలు ఫేకర్ అని వ్యవహరిస్తారు. 2004లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో సంస్థ మూడు కంపెనీలుగా విడిపోయింది. గరివిడి కర్మాగారం ఫేకర్ అల్లాయ్స్ లిమిటెడ్‌కు, నాగపూర్ ఉక్కు విభాగం ఫేకర్ స్టీల్స్‌కు దక్కాయి. ఒడిశాలోని భద్రక్ కర్మాగారం మాత్రం పాత పేరుతోనే ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ అధీనంలో కొనసాగింది.

భద్రక్ కర్మాగారానికి కావలసిన విద్యుత్తు కోసం ఫేకర్ పవర్ లిమిటెడ్ అనే అనుబంధ కంపెనీ ఏర్పాటయింది. ఈ విద్యుత్ కేంద్రానికి రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ రూ. 500 కోట్లకు పైగా రుణం మంజూరు చేయగా, మాతృ సంస్థ అయిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ దానికి కార్పొరేట్ హామీ ఇచ్చింది. అనుబంధ కంపెనీ రుణం తీర్చలేకపోయింది. దీంతో రుణదాత నేరుగా హామీదారుపై దివాలా చర్య కోరగా, జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ 2017 జూలైలో ఆ పిటిషన్‌ను స్వీకరించింది. ముందుగా అసలు రుణగ్రహీతపై చర్య తీసుకోవాలన్న వాదనను అప్పిలేట్ ట్రిబ్యునల్ 2019 జనవరి 8న తిరస్కరించింది. 2020లో పరిష్కార ప్రణాళిక ఆమోదం పొంది, కంపెనీ వేదాంత సంస్థ చేతికి వెళ్లింది.

ఈ హామీ వ్యవహారంలో అక్రమం జరిగిందని ఇక్కడ సూచించడం లేదు. సొంత అవసరానికి విద్యుత్తు సమకూర్చుకోవడం వ్యాపారపరంగా సహేతుకమైన ఉద్దేశమే. అయితే హామీ ఇచ్చిన రోజున కంపెనీ ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా బయటకు పోదు. ఆస్తి అప్పుల పట్టికలో అది రుణంగా కనిపించదు. వార్షిక నివేదిక చివరి పేజీలలోని వివరణలలో, షరతులతో కూడిన బాధ్యతల కింద ఒక పంక్తిగా మాత్రమే ఉంటుంది. ఆ ఒక్క పంక్తే మాతృ సంస్థను దివాలా ప్రక్రియకు చేర్చింది.

ఈ ఉదంతంలో పాత్రికేయులు గమనించవలసిన మరో అంశం ఉన్నది. దివాలా ప్రక్రియను ఎదుర్కొన్నది భద్రక్ కంపెనీ. గరివిడి కర్మాగారం యాజమాన్య సంస్థ చట్టరీత్యా వేరు. పేర్లు దగ్గరగా ఉన్న కంపెనీల విషయంలో రిజిస్టరైన పూర్తి పేరును సరిచూసుకోకపోతే కార్మికులలో, వాటాదారులలో అనవసరమైన ఆందోళన కలుగుతుంది.

సత్యం - మేటాస్: పన్నెండు గంటల ఒప్పందం

అనుబంధ సంస్థల లావాదేవీలపై దేశవ్యాప్త చర్చకు మూలమైన ఉదంతం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాజధాని హైదరాబాద్‌లో చోటుచేసుకున్నది. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ బోర్డు రెండు కంపెనీల కొనుగోలుకు ఆమోదం తెలిపింది. మేటాస్ ప్రాపర్టీస్‌లో పూర్తి వాటాకు 130 కోట్ల డాలర్లు, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాకు 30 కోట్ల డాలర్లు, మొత్తం 160 కోట్ల డాలర్లు చెల్లించాలన్నది ప్రతిపాదన. ఆ రెండూ సత్యం ఛైర్మన్ బి. రామలింగరాజు కుటుంబ సభ్యులు ప్రమోటర్లుగా ఉన్న సంస్థలే. సత్యంలో ప్రమోటర్ల వాటా అప్పటికి 10 శాతం లోపే ఉన్నది. అంటే చెల్లించే సొమ్ములో తొంభై శాతానికి పైగా ఇతర వాటాదారులది కాగా, అందులో పెద్ద భాగం ప్రమోటర్ల కుటుంబానికి చేరవలసి ఉన్నది.

లావాదేవీతో సంబంధం ఉన్న డైరెక్టర్లు ఓటు వేయకుండా, స్వతంత్ర డైరెక్టర్ల ఆమోదంతో తీర్మానం జరిగింది. అప్పటి చట్ట పరిమితుల ప్రకారం వాటాదారుల ఆమోదం అవసరం లేదన్నది కంపెనీ వైఖరి. రూపరీత్యా నిబంధనలు పాటించినట్లు కనిపించినా, మదుపరులు తీవ్ర అభ్యంతరం తెలిపారు. న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో కంపెనీ డిపాజిటరీ రసీదుల ధర ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. పన్నెండు గంటలు గడవకముందే కంపెనీ ప్రతిపాదనను విరమించుకున్నది.

అసలు కారణం 2009 జనవరి 7న వెలుగుచూసింది. ఖాతాలలో రూ. 7,136 కోట్ల మేరకు తప్పుడు లెక్కలు ఉన్నట్లు రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో అంగీకరించారు. ఇందులో రూ. 5,040 కోట్లు లేని నగదు, బ్యాంకు నిల్వలు, రూ. 376 కోట్లు రాని వడ్డీ, రూ. 1,230 కోట్లు పుస్తకాలలో చూపని అప్పు, రూ. 490 కోట్లు ఎక్కువ చేసి చూపిన బాకీలు. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను నింపే చివరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలు అని ఆ లేఖ పేర్కొన్నది. చూపని అప్పుగా పేర్కొన్న రూ. 1,230 కోట్లు తాము ఇచ్చినవేనంటూ అనంతరం 37 కంపెనీలు ముందుకు వచ్చాయి. ఈ విధంగా అనుబంధ సంస్థల మార్గం రెండు దిశలలోనూ వినియోగమయినట్లు స్పష్టమవుతున్నది.

కేంద్ర ప్రభుత్వం 2009 జనవరిలో పాత బోర్డును తొలగించి కొత్త డైరెక్టర్లను నియమించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా బిడ్ దక్కించుకోగా, 2013లో సత్యం ఆ సంస్థలో విలీనమయింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా పది మందిని దోషులుగా నిర్ధారించి ఏడేళ్ల జైలు శిక్ష విధించింది. అప్పీళ్ల నేపథ్యంలో 2015 మే నెలలో శిక్ష అమలు నిలుపుదల అయింది.

ప్రజాసేవలపై ప్రభావం

సత్యం పరిణామాలు వాటాదారులకే పరిమితం కాలేదు. మేటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వంలోని కన్సార్షియానికి 2008లో దక్కిన హైదరాబాద్ మెట్రో రైలు ఒప్పందం, నిధుల సమీకరణ పూర్తి కాకపోవడంతో 2009లో రద్దయింది. తిరిగి టెండర్లు పిలిచి 2010లో ఎల్ అండ్ టీకి అప్పగించవలసి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం సహా రాష్ట్రమంతటా సేవలందించిన 108 అంబులెన్సు వ్యవస్థ రామలింగరాజు కుటుంబ చొరవతో 2005లో ప్రారంభమయినదే. 2009లో జీవీకే సంస్థ నిర్వహణ భాగస్వామిగా రావడంతో సేవలు కొనసాగాయి. ప్రభుత్వంతో ఒప్పందం చేసుకునే సంస్థ ఆర్థిక స్థితి దాని గ్రూపు సంస్థల స్థితితో ముడిపడి ఉంటుందని ఈ రెండు అనుభవాలు తెలియజేస్తున్నాయి.

చట్టంలో వచ్చిన మార్పులు

1956 కంపెనీల చట్టంలోని 297, 299, 300 సెక్షన్లు డైరెక్టర్ల ఆసక్తి వెల్లడి, బోర్డు అనుమతి, ఓటింగుకు దూరంగా ఉండటం గురించి నిర్దేశించాయి. లిస్టయిన కంపెనీలకు లిస్టింగు ఒప్పందంలోని 49వ క్లాజు వర్తించేది. ఆ క్లాజు ప్రకారం ఆడిట్ కమిటీ పరిశీలన, వివరాల వెల్లడి ఉన్నప్పటికీ వాటాదారుల ఓటింగు తప్పనిసరి కాదు. సత్యం అనుభవం తరువాత ఈ లోటును పూరించే ఏర్పాట్లు జరిగాయి. వాటిలో ముఖ్యమైనవి:

- 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం సంబంధిత పక్షాల లావాదేవీలను ఆడిట్ కమిటీ పరిశీలించి ఆమోదించాలి.

- 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన 188వ సెక్షన్ ప్రకారం సాధారణ వ్యాపార క్రమంలో, బయటివారితో చేసే షరతులకు సమానంగా జరగని లావాదేవీలకు బోర్డు ఆమోదం కావాలి. నిర్ణీత పరిమితి దాటితే వాటాదారుల తీర్మానం కూడా అవసరం. సరుకుల క్రయవిక్రయాలకు ఈ పరిమితి టర్నోవర్‌లో 10 శాతం. ఆస్తుల క్రయవిక్రయాలకు నికర విలువలో 10 శాతం.

- రుణాలు, హామీలు, పెట్టుబడులకు 186వ సెక్షన్ పరిమితులు విధించింది.

- 245వ సెక్షన్ ద్వారా వాటాదారులు, డిపాజిటుదారులు సామూహికంగా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే హక్కు లభించింది.

- 2015 సెబీ లిస్టింగు నిబంధనలలోని 23వ నిబంధన ప్రకారం లిస్టయిన కంపెనీలు పెద్ద లావాదేవీలకు వాటాదారుల ముందస్తు ఆమోదం పొందాలి. ఆ తీర్మానానికి అనుకూలంగా సంబంధిత పక్షాలు ఓటు వేయరాదు.

- 2022 జనవరి నుంచి ఆడిట్ కమిటీలోని స్వతంత్ర డైరెక్టర్లు మాత్రమే ఈ లావాదేవీలను ఆమోదించాలి.

- 2022 ఏప్రిల్ నుంచి రూ. 1,000 కోట్లు లేదా కన్సాలిడేటెడ్ టర్నోవర్‌లో 10 శాతం, వీటిలో ఏది తక్కువైతే దానిని దాటిన లావాదేవీని పెద్దదిగా పరిగణించారు. కంపెనీ పరిమాణాన్ని బట్టి ఈ పరిమితిని మార్చే ప్రతిపాదనకు సెబీ బోర్డు 2025 సెప్టెంబర్‌లో ఆమోదం తెలిపింది.

- 2023 ఏప్రిల్ నుంచి మధ్యలో బయటి వ్యక్తిని ఉంచి జరిపినప్పటికీ, సంబంధిత పక్షానికి లబ్ధి చేకూర్చే ఉద్దేశం, ఫలితం ఉన్న లావాదేవీ కూడా ఈ నిబంధనల పరిధిలోకి వచ్చింది.

ప్రత్యేక కంపెనీలు, మినహాయింపులు

మౌలిక వసతుల ప్రాజెక్టులను సాధారణంగా ఆ ప్రాజెక్టు కోసమే ఏర్పాటైన ప్రత్యేక కంపెనీ నిర్వహిస్తుంది. భోగాపురం విమానాశ్రయానికి జీఎంఆర్ విశాఖపట్నం ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ లిమిటెడ్ ఇటువంటిదే. 2020 జూన్‌లో రాయితీ ఒప్పందం కుదరగా, 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. ఇటువంటి కంపెనీకి మాతృ సంస్థ మూలధనం, రుణం, హామీ సమకూర్చడం సహజం. ఒక ప్రాజెక్టు నష్టభయం మరో ప్రాజెక్టుకు అంటకుండా వేరుగా ఉంచడం ఈ ఏర్పాటు లక్ష్యం. మాతృ సంస్థ హామీ ఇచ్చినప్పుడు మాత్రం ఆ గోడలో తలుపు తెరిచినట్లే. మౌలిక వసతులు కల్పించే కంపెనీలు ఇచ్చే రుణాలు, హామీలకు 186వ సెక్షన్‌లోని పలు పరిమితుల నుంచి మినహాయింపు ఉన్నది. అందువల్ల ఈ రంగంలో వివరాల వెల్లడికి మరింత ప్రాధాన్యం ఏర్పడింది.

రెండు ప్రభుత్వ కంపెనీల మధ్య జరిగే లావాదేవీలకు, మాతృ సంస్థకు దాని పూర్తి యాజమాన్యంలోని అనుబంధ సంస్థకు మధ్య జరిగే లావాదేవీలకు వాటాదారుల ఆమోదం నుంచి మినహాయింపు ఉన్నది. లిస్టు కాని ప్రైవేటు కంపెనీలకు సెబీ నిబంధనలు వర్తించవు. వాటికి కంపెనీల చట్టమే ఆధారం.

పరిశీలించవలసిన పత్రాలు

కంపెనీ వార్షిక నివేదికలో డైరెక్టర్ల నివేదికకు జతపరిచే ఏఓసీ-2 పత్రంలో 188వ సెక్షన్ కిందకు వచ్చే ఒప్పందాల వివరాలు ఉంటాయి. ఖాతాల వివరణలలో సంబంధిత పక్షాల జాబితా, ఆ ఏడాది లావాదేవీలు, మిగిలిన బకాయిలు పొందుపరుస్తారు. హామీలు షరతులతో కూడిన బాధ్యతల కింద కనిపిస్తాయి. లిస్టయిన కంపెనీలు ఆరు నెలలకొకసారి ఈ వివరాలను స్టాక్ ఎక్స్ఛేంజిలకు సమర్పించాలి. ఇతర కంపెనీల పత్రాలను కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో నిర్ణీత రుసుము చెల్లించి చూడవచ్చు.

ఈ పత్రాలను వరుసగా మూడు, నాలుగేళ్లకు పోల్చి చూడటం ఉపయుక్తం. అనుబంధ సంస్థకు ఇచ్చిన అడ్వాన్సు ఏటా పెరుగుతూ తిరిగి రాకపోవడం, ఆ సంస్థకు చెప్పుకోదగిన వ్యాపారం లేకపోవడం, కంపెనీ చేతిలో పెద్ద మొత్తంలో నగదు ఉన్నదని చూపుతూనే అప్పులు తెస్తుండటం, ఆడిటర్లు లేదా స్వతంత్ర డైరెక్టర్లు గడువుకు ముందే వైదొలగడం వంటివి వివరణ కోరదగిన అంశాలు. వీటిలో ఏ ఒక్కటీ అక్రమానికి రుజువు కాదు. వార్తగా ప్రచురించే ముందు కంపెనీ కార్యదర్శి వివరణ తీసుకోవడం ఉచితం.

ప్రాజెక్టు ఒప్పందాలను పరిశీలించే అధికారులు ఒప్పందంపై సంతకం చేసే కంపెనీ ఖాతాలతో పాటు దాని మాతృ సంస్థ కన్సాలిడేటెడ్ ఖాతాలను, ఇచ్చిన హామీల జాబితాను కోరడం మేలు. కర్మాగారం గరివిడిలో ఉన్నా, పైడిభీమవరంలో ఉన్నా, దానిని నిలబెట్టే లేదా కుంగదీసే నిర్ణయం వేరొక నగరంలోని బోర్డు గదిలో జరగవచ్చు. ఆ నిర్ణయపు ఆనవాలు మాత్రం బహిరంగ పత్రాలలోనే ఉంటుంది.