కంప్యూటర్ అంటే ఒకప్పుడు మనిషి

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం: కంప్యూటర్. ఇది 1600ల మొదట్లోనే ఇంగ్లీషు అచ్చు పుస్తకంలో కనిపిస్తుంది. అప్పటికి కరెంటే లేదు కదా, మరి కంప్యూటర్ ఎవరు? మనిషేనండీ. డ్రైవ్ చేసేవాడు డ్రైవర్ అయినట్టే, కంప్యూట్ చేసేవాడు, అంటే లెక్కలు కట్టేవాడు, కంప్యూటర్. తర్వాత తర్వాత అదో ఉద్యోగం పేరైంది.

మన దేశంలోనూ ఆ ఉద్యోగం ఉండేది. 1831లో గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేలో రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ కుర్రాడు చేరాడు. వయసు 18. హోదా కంప్యూటర్, జీతం నెలకి 30 రూపాయలు. సర్వే వాళ్లు థియోడలైట్‌తో కోణాలు కొలిచి పంపితే, వాటిలోంచి దూరాలు, ఎత్తులు రాబట్టాలి. గాలిలో కాంతి వంగడం వల్ల వచ్చే తేడాని కూడా సరిచేయాలి. అంతా కాగితం మీదే.

తర్వాత ఆయన కలకత్తాలో చీఫ్ కంప్యూటర్ అయ్యాడు. పీక్ 15 అని పిలిచిన హిమాలయ శిఖరం ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని తేల్చిన లెక్కల్లో ఆయనది ముఖ్యమైన చెయ్యి. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. 2020 కొలతకీ దానికీ తేడా 30 అడుగులే! పేరు మాత్రం ఎప్పుడో రిటైరైపోయిన సర్వేయర్ జనరల్ జార్జ్ ఎవరెస్ట్‌ది పెట్టారు.

అసలు విషయం ఇంకోటుంది. 1851లో వచ్చిన సర్వే మాన్యువల్ ముందుమాటలో సిక్దర్ చేసిన సాయాన్ని పేరు పెట్టి చెప్పారు. ఆయన 1870లో పోయాడు. 1875 ఎడిషన్‌లో ఆ పేరు ఎగిరిపోయింది. దాన్ని తప్పుపడుతూ అప్పట్లోనే పత్రికలో రాశారు కూడా.

ఇక అమెరికాకి వద్దాం. అక్కడి లాంగ్లీ పరిశోధన కేంద్రంలో కంప్యూటర్లుగా పనిచేసింది ఆడవాళ్లు. అలా 1953లో చేరిన కేథరిన్ జాన్సన్‌నే, 1962లో జాన్ గ్లెన్ అంతరిక్షంలోకి వెళ్లేముందు, మెషీన్ ఇచ్చిన అంకెల్ని సరిచూడమన్నారు. అంటే ఒక కంప్యూటర్ లెక్కని ఇంకో కంప్యూటర్ చెక్ చేసిందన్నమాట.

ఆ తర్వాత పనితో పాటు పేరు కూడా మెషీన్‌కే వెళ్లిపోయింది. ఇప్పుడు ఏఐ కోడ్ రాస్తుంటే, రేపు ప్రోగ్రామర్ అన్న మాటకీ ఇదే జరుగుతుందా అని మా ఫీల్డ్‌లో అందరికీ దిగులు. జరగొచ్చు. మాటలు చేతులు మారడం కొత్త కాదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: సిక్దర్ పేరు తీసేసింది ఏ మెషీనూ కాదు, పుస్తకం దిద్దిన మనుషులు. పని ఎవరిదో రాసిపెట్టడం మన చేతిలోనే ఉంది.