సైకిలు పందెపు పొడిలో ఒక తెలుగు పేరు

క్రియాటిన్ అనే మాటకు మూలం మాంసమనే అర్థం గల గ్రీకు శబ్దం. 1832లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ మాంసం నుండి ఈ పదార్థాన్ని వేరుచేసి ఆ పేరు పెట్టాడు. ఈనాడది తెల్లని పొడియై, మా మర్రిపాడు కుర్రవాళ్ళు సాముచేసే ఆత్మకూరు వ్యాయామశాలల దాకా వచ్చింది. డబ్బాల మీద కండలు తిరిగిన విదేశీయుల బొమ్మలుంటాయి. ఆ పొడికీ కండరబలానికీ గల చుట్టరికాన్ని బయటపెట్టినవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టినవారన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

వారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి, ఆ పట్టుదలకు ఫలితంగా చిన్న పట్టాతో సరిపెట్టుకున్నారు. 1923లో బోస్టన్ చేరి, తరువాత హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. రక్తం వంటి వాటిలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. మందు కలిపితే నీలివర్ణం వస్తుంది; ఆ నీలం గాఢతను బట్టి లెక్క. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరు రసాయన గ్రంథాలలో నేటికీ ఉన్నది.

నన్ను అమితంగా ఆకర్షించిన ఘట్టం తరువాతిది. కండరపు రసాన్ని పరీక్షించినప్పుడు నీలివర్ణం వెంటనే రాక, మెల్లమెల్లగా చిక్కబడుతూ వచ్చింది. మరొకరైతే మందు పాడయిందనుకొని పారబోసేవారు. వీరు ఆ జాప్యాన్నే పట్టుకున్నారు. క్రియాటిన్‌తో పెనవేసుకొని ఉన్న భాస్వరం ఆమ్లంలో కొద్దికొద్దిగా విడివడుతున్నందువల్లనే ఆ ఆలస్యమని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే ఏడు ఈ భాస్వరాన్ని గమనించి ఫాస్ఫజెన్ అన్నారు గానీ, అందులో క్రియాటిన్ ఉన్నదని చూపినవారు ఫిస్కే, సుబ్బారావులే.

అంతవరకు కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని పండితుల నమ్మకం. ఆ దిశగా సాగిన పరిశోధనకు హిల్, మయ్యర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా దక్కింది. ఆ ఆమ్లం పుట్టకుండా అడ్డుకున్నా కండరం కొంతసేపు పనిచేస్తుందనీ, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్ అనీ 1930లో డెన్మార్కు శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ చూపడంతో ఆ సిద్ధాంతం కూలింది.

ఇక సైకిలు సంగతి. ఏ.టి.పి. చేతిలోని చిల్లర అనుకుంటే, ఫాస్ఫోక్రియాటిన్ రొంటిన దోపుకున్న సొమ్ము. తిన్న అన్నం బలంగా మారడానికి వ్యవధి పడుతుంది. పందెంలో ఒక్క ఉదుటున పెడలు తొక్కేవానికి ఆ వ్యవధి ఎక్కడిది? రొంటి సొమ్మే దిక్కు, అదీ కొద్ది సెకన్లలో హరించుకుపోతుంది. 1992లో హారిస్, సోడర్‌లుండ్, హల్ట్‌మన్ అనేవారు 5 గ్రాముల చొప్పున రోజుకు నాలుగు నుండి ఆరుసార్లు క్రియాటిన్ ఇచ్చి, కండరంలో దాని నిల్వ పెరుగుతుందని నిరూపించారు. మొదట నిల్వ తక్కువగా ఉన్నవారికే లాభమెక్కువ. మాంసం ముట్టనివారిలో నిల్వ సాధారణంగా తక్కువే. మరుసటి ఏడు స్వీడన్‌లో ఆరేసి సెకన్ల చొప్పున పదిసార్లు తీవ్రవేగంతో సైకిలు తొక్కించి చూస్తే, పొడి తిన్నవారు చివరి విడతలలోనూ వేగం నిలుపుకోగలిగారు.

అయితే అక్కడివారే ఎగుడుదిగుడు నేలమీద దాదాపు 6 కిలోమీటర్లు పరుగెత్తించినప్పుడు పొడి తిన్నవారు వెనుకబడ్డారు. కండరంలో నీరు చేరి ఒంటి బరువు పెరగడమే అందుకు కారణమన్నారు. కనుక బద్వేలు దారిలో వెలిగొండల ఎగువకు సైకిలెక్కేవారికి ఈ డబ్బా వల్ల ఒరిగేది లేదు. బరువు మోయడమే మిగులుతుంది. డబ్బా అమ్మేవారు ఈ రెండవ ముక్క చెప్పరు.

హార్వర్డులో సుబ్బారావుగారికి స్థిరమైన స్థానం లభించలేదు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్ళి ఫోలిక్ ఆమ్లం మొదలైన వాటిపై కృషిచేశారు. 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు. హారిస్ బృందం ఆ పొడిని తినిపించి చూసేనాటికి ఆయన గతించి 44 ఏళ్ళు.