కోర్టు ఖర్చు పెట్టే ఆసామి ఎవరు?

గత భాగంలో కొల్లేరు బినామీల గురించి రాశాను. 1970ల్లో మత్స్యకారులకూ ఎస్సీలకూ సొసైటీలు పెట్టి ప్రభుత్వం చేపల చెరువులిచ్చింది. పేరు సొసైటీది, పెట్టుబడి బయటివాడిది అయింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు తెగ్గొట్టినప్పుడు కాగితాల మీద దొరికినవి మాత్రం పేదల పేర్లే.

అది చదివి ఏలూరు విద్యార్థి ఒకతను అడిగాడు: "అన్నా, సివిల్ కేసుల్లో కూడా ఇలాంటి పెట్టుబడి ఉంటుందా?"

ఉంటుంది తమ్ముడూ. చాలా పాతది కూడా. కలకత్తాలో మెక్‌క్వీన్ దంపతులు ఒక ఆస్తి కోసం దావా వేశారు. ఖర్చు పెట్టింది చందర్ కాంతో ముఖర్జీ. గెలిస్తే వాటా అతనికి. దావా ఓడిపోయింది. గెలిచినవాళ్లు తమ ఖర్చులు రాబట్టుకోబోతే మెక్‌క్వీన్ల దగ్గర డబ్బు లేదు. దాంతో వెనకున్న ముఖర్జీ మీదే దావా వేశారు. 1876లో లండన్ ప్రివీ కౌన్సిల్ అతను కట్టనక్కర్లేదంది. ఇంగ్లండులో ఇలాంటి ఒప్పందాలను అడ్డుకున్న చట్టం ఇక్కడ వర్తించదని, న్యాయమైన హక్కుండీ డబ్బులేనివాడికి ఇలాంటి సాయం మంచిదే కావచ్చని చెప్పింది. దోపిడీగా ఉంటే, వ్యాజ్యంతో జూదమాడితే మాత్రం ఒప్పందం చెల్లదంది.

ఎంత వాటా దాటితే దోపిడీ? ఆ లెక్క చెప్పలేదు. గెలిస్తే వాటా, ఓడితే కనపడకుండా పోవడం. అసలు చిక్కు ఇదే.

మహారాష్ట్రలో సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించుకున్నారు. దావా ఖర్చు కోసం ఆస్తిలో వాటా రాయించుకున్నవాణ్ణి, అతను ఒప్పుకుంటే, కోర్టు వాదిగా చేర్చవచ్చు, ఖర్చులకు హామీ అడగవచ్చు. లాయరుకు ఎక్కడైనా ఫలితంలో వాటా నిషిద్ధమే. కానీ లాయరు కానివాడు డబ్బు పెట్టి, ఫలితం తేలాక తిరిగి తీసుకోవడానికి అడ్డేమీ కనపడదని 2018లో సుప్రీంకోర్టు విదేశీ లాయర్ల కేసులో ఒక మాట అంది.

ఇందులో మనకేం పని అంటారా? అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం చెల్లదంది. ఆ గోడ ఉన్నన్నాళ్లూ వాటా ఆశతో కేసుకు డబ్బు పెట్టేవాడికి లాభం లేదు. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన భూముల్ని అమ్ముకోవడానికి దారి తెరిచింది. ఇక "కేసు నేను నడుపుతా, సగం రాసివ్వు" అనేవాడు తాడేపల్లిగూడెం పేటల్లోకైనా రావచ్చు. నా భయం ఇది.

అందుకే వాటా తీసుకునేవాడి పేరూ, ఒప్పందమూ జడ్జి ముందుండాలి. ప్రతివాదికి మాత్రం అన్నీ చూపనక్కర్లేదు. పేటలో చందాలు వేసుకుని కేసు నడిపేవాళ్ల జాబితా భూస్వామి చేతికిస్తే కూలి పనులు ఆగిపోతాయి. వాటా కోరేవాడు వేరు, చందా ఇచ్చేవాడు వేరు. చట్టం రాసేవాళ్లు ఈ తేడా మరిచిపోతే మనకే దెబ్బ.

ఈలోగా ఎవరి దగ్గరా సంతకం పెట్టకముందు ఏలూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. కుల ధ్రువపత్రం తీసుకెళ్లండి.