వార్తల తెలుగు, మా ఇంటి తెలుగు

మా బాపుకు వార్తలంటే ఉర్దూ. నాకు వార్తలంటే తెలుగు. ఇంట్లో రేడియో మాత్రం ఒక్కటే, మర్ఫీ. 1980 ప్రాంతంలో జగిత్యాల దగ్గరి మా ఊళ్లో రోజూ దాని ముందర చిన్న పంచాయితీ నడిచేది. బాపు నిజాం జమానాలో ఉర్దూ మీడియంలో నాలుగు తరగతులు చదివినవాడు. ఉర్దూ వార్తలయితేనే ఆయనకు ‘అసలు ఖబర్’. నేను ఆయన బయటికి పోయేదాకా ఆగి ముల్లు తిప్పేవాణ్ని. “ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది...” అనగానే నిటారుగా కూర్చునేవాణ్ని. ఆ తర్వాత వచ్చే పేరేదైనా సరే, ఆ స్థానంలో నా పేరు పెట్టుకుని చూసుకునేవాణ్ని.

ప్రాక్టీసుకు ఇత్తడి చెంబు ఉండేది. మూతి అందులో పెట్టి చదివితే గొంతు గుమ్మటంలోంచి వచ్చినట్టు ఉంటుంది. బడిలో హెడ్మాస్టరు చదివి పడేసిన పేపరు తెచ్చి, ఆ చెంబులో ప్రధానమంత్రి పర్యటనలు, వరదలు, క్రికెట్ స్కోర్లు చదివేవాణ్ని. ఒకరోజు అవ్వ పొయ్యి కాడినుంచే అడిగింది: “ఎవల లెక్క మాట్లాడుతున్నవ్ రా?” రేడియో లెక్క, అన్నాను. “రేడియోల మనోళ్లు లేరా?” అంది.

ఆ ప్రశ్నకు సమాధానం నాకు చాలా ఏండ్ల తర్వాత, అదీ పుస్తకాల్లో దొరికింది.

మనోళ్ల రేడియో అని చెప్పుకోదగ్గది ఒకటి ఉండేది, హైదరాబాద్ రాజ్యంలో. తపాలా శాఖలో పనిచేసే మహబూబ్ అలీ 1930ల మొదట్లో సొంతంగా చిన్న స్టేషన్ నడిపాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఆ రాజ్యంలోనివే. కానీ ఆ రేడియోలో పెద్దపీట ఉర్దూది. 1948 సెప్టెంబర్ 17 సాయంత్రం నిజాం తన లొంగుబాటు నిర్ణయాన్ని జనానికి చెప్పింది ఆ రేడియోలోనే. అప్పుడు బాపుకు పన్నెండేండ్లు. గడిలో బ్యాటరీ రేడియో ఉంటే పిల్లలంతా బయట గోడ పక్కన నిలబడ్డారట. “ఏం చెప్పిండో మాకు తెల్వలే. దొర మొఖం జూసి తెలుసుకున్నం” అనేవాడు. మా జిల్లాలో ప్రసారవార్త గురించి నేను విన్న మొదటి రిపోర్టు ఇదే. ఇంతకన్నా మంచి రిపోర్టు నేను నా ఉద్యోగంలో ఎక్కువసార్లు రాయలేదు.

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. అప్పటికే వార్తల తెలుగు వేరేచోట తయారవుతోంది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. ఢిల్లీ నుంచి కూడా తెలుగు వార్తలు వచ్చేవి, సినిమా నటుడు కొంగర జగ్గయ్య కూడా కొన్నాళ్లు అక్కడ వార్తలు చదివినవాడే. 1956లో రెండు తెలుగు ప్రాంతాలు కలిసేసరికి, రేడియోకు ఒక గొంతు ఉంది, ఒక వ్యాకరణం ఉంది. దానిలోకి మేం శ్రోతలుగా చేరాం.

దీన్ని కుట్ర అనే మిత్రులు ఉన్నారు. నేనంత దూరం పోను. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకేసారి వినేవాళ్లకు చదవాలంటే ఏదో ఒక సగటు భాష కావాలి. ఆ సగటు పుట్టుకతో ఎవరికీ రాదు, కృష్ణా జిల్లా వాడైనా నేర్చుకోవాల్సిందే. శాంతిస్వరూప్ గారినే చూడండి. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే. టెలిప్రాంప్టర్ లేదు. వార్తలు తెలుగు చేసుకుని, కంఠతా పట్టి, కెమెరా కళ్లలోకి చూస్తూ అప్పజెప్పేవాడు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నా ఇత్తడి చెంబు. ఇద్దరం చేసింది ఒకటే పని: కంఠతా పట్టడం. ఆయన వార్తను పట్టాడు, నేను ఆయన్ను పట్టాను.

నా ఇబ్బంది సగటు భాషతో కాదు. ఆ సగటులో మా మాటకు మిగిలిన జాగా ఏది అన్నదానితో. సినిమాలో పనివాడు, తాగుబోతు, రౌడీ మా యాసలో మాట్లాడేవాళ్లు. వార్త చదివేవాడు మాట్లాడేవాడు కాదు. పదేండ్ల పిల్లవాడు దీన్ని సిద్ధాంతంగా అర్థం చేసుకోడు. ఏ గొంతుకు ఉద్యోగం ఉందో మాత్రం అర్థం చేసుకుంటాడు.

1995లో ఒక స్టేషన్‌లో వార్తలు చదివేందుకు ఆడిషన్‌కు పోయాను. కాగితం మీదున్నది బాగానే చదివాను. ఇరవై ఏండ్ల రియాజు కదా. తర్వాత ఒక పెద్దాయన, “మీ ఊరి గురించి రెండు నిమిషాలు మాట్లాడండి” అన్నాడు. రెండో వాక్యంలోనే ‘గట్ల’ దొర్లింది. మూడోదానిలో ‘భాష’లోని ఒత్తు ఎగిరిపోయింది. ఆయన నవ్వాడు, ఎగతాళిగా కాదు, జాలిగా. “గొంతు బాగుంది బాబూ. మెయింటెయిన్ చెయ్యి” అన్నాడు. బస్సులో జగిత్యాల దాకా ఆ మాట నమిలాను. కాగితం లేకుంటే నేనెవరో బయటపడుతుందని ఆరోజు తెలిసింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో, గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది. ఆగస్టులో ఈటీవీ వచ్చింది. అంతకు కొద్దినెలల ముందే జెమిని వచ్చింది. రేడియోలో మాత్రం తలుపు తెరుచుకోలేదు. ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంత వార్తలు చెప్పే అనుమతి ఈనాటికీ లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవాల్సిందే. పాటల మధ్య ఎంత గలగలా మాట్లాడినా ఆర్జే రిపోర్టర్ కాలేడు. రేడియో పిచ్చి పట్టిన నాబోటివాళ్లంతా అందుకే టీవీ గుమ్మం ముందు తేలారు.

నేను తేలింది కరీంనగర్‌లో లోకల్ కేబుల్ వార్తల్లో. అక్కణ్నుంచి 2003లో ఒక శాటిలైట్ ఛానెల్‌కు స్ట్రింగర్‌ని. ఆ ఉద్యోగం గురించి బయటివాళ్లకు తెలిసింది మైకు మీది లోగో మాత్రమే. జీతం లేదు, ప్రసారమైన స్టోరీకి ఇంత అని లెక్క, అది కూడా ఆరు నెలలకోసారి. కెమెరా మనదే, అప్పు కూడా మనదే. విజువల్స్ పంపడానికి నెట్ లేదు కాబట్టి క్యాసెట్‌ను కవర్‌లో పెట్టి, పరుగెత్తిపోయి హైదరాబాద్ పోయే ఆర్టీసీ డ్రైవర్ చేతిలో పెట్టడం. జేబీఎస్‌లో ఛానెల్ కుర్రాడు దిగగానే అందుకుంటాడు. బస్సు నంబరు ఫోన్లో చెప్పాలి. బస్సు పంక్చరయితే మన ‘బ్రేకింగ్’ కూడా పంక్చరే. నా కెరీర్‌లో నేను ఎక్కువ కృతజ్ఞతగా ఉండాల్సింది ఏ ఎడిటర్‌కూ కాదు, కరీంనగర్ డిపో డ్రైవర్లకు.

ఈ బస్సు ఏర్పాటులో ఇంకో సంగతి ఉంది. మేం పంపే బైట్లన్నీ ముందు డెస్క్‌కు చేరతాయి. రైతు నాలుగు వాక్యాలు చెప్తే ఒకటి ఉంచుతారు. మిగతాది యాంకర్ తన తెలుగులో చెప్తుంది. మా జనం మాట టీవీలో వచ్చేది నాలుగు సెకన్లు. అది కూడా ఏడుపో, తిట్టో అయితేనే. క్యాసెట్ మీద మాట పూర్తిగా ఉన్నా, ప్రయాణంలో అరిగిపోయేది.

అది మారిన రోజు నాకు తేదీతో సహా గుర్తుంది: 2009 నవంబర్ 29. కేసీఆర్ కరీంనగర్ నుంచి ఆమరణ దీక్షకు సిద్దిపేట బయల్దేరాడు. మానేరు దాటగానే అలుగునూరు దగ్గర పోలీసులు ఆపి అరెస్టు చేసి, ఖమ్మం తీసుకుపోయారు. ఆ కూడలిలో నేనూ ఉన్నాను. తోపులాటలో మైకు నా చేతిలో ఉందో లేదో కూడా తెలియని స్థితి. ఎవరెవరో దాని మీదికి వంగి మాట్లాడుతున్నారు. ఆ రోజుతో మొదలై, డిసెంబర్ 9 రాత్రి చిదంబరం ప్రకటన దాకా, ఆ తర్వాత కూడా నెలల తరబడి ఓబీ వ్యాన్లు జిల్లాల్లో, క్యాంపస్‌లలో తిష్ఠవేశాయి. లైవ్‌లో డెస్క్ లేదు. కత్తిరించే టైం లేదు, తర్జుమా చేసే టైం అంతకన్నా లేదు. “ఎందుకొచ్చినవ్ తమ్మీ?” అంటే తమ్ముడు ఐదు నిమిషాలు తన మాటలో చెప్పేవాడు, రాష్ట్రమంతా వినేది. తెలంగాణ మాటను తెర మీదికి తెచ్చింది ఉద్యమమని అందరూ అంటారు, నిజమే. నేనయితే ఆ పుణ్యంలో సగం డిష్ యాంటెన్నాకు కూడా ఇస్తాను.

2012లో వీ6 వచ్చింది, దాని తీన్మార్ వార్తలు ఇంటింటికీ చేరాయి. ఆడిషన్‌లో నన్ను పట్టిచ్చిన ‘గట్ల’కు ఇప్పుడు జీతమొస్తోంది. మా చెల్లె ఫోన్ చేసి, “అన్నా, నువ్వు పదిహేనేండ్లు ముందుగల్ల పుట్టినవ్” అని నవ్వింది. 2014 జూన్‌లో, రాష్ట్రం వచ్చిన కొద్దిరోజులకే, కొత్త ఎమ్మెల్యేల మాటతీరును వెక్కిరించిన ఒక కార్యక్రమం మీద గొడవయి కేబుల్ ఆపరేటర్లు రెండు ఛానెళ్లను ఆపేశారు. వెక్కిరింతా తప్పే, ఛానెల్ తీసేయడమూ తప్పే అని అప్పుడు అన్నందుకు రెండు వైపులా తిట్లు తిన్నాను. అదే సంవత్సరం కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమయింది. ఇంతా అయ్యాక గమనించండి: యాసలో నడిచేది నవ్వించే బులెటినే. బడ్జెట్, సుప్రీంకోర్టు, యుద్ధం వచ్చేసరికి కోటు వేసుకున్న పాత తెలుగే. నేను కూడా సీరియస్ పీటూసీకి కెమెరా ముందు నిలబడితే నోట్లోంచి వచ్చేది ఆ చెంబులోని గొంతే.

ఇక్కడిదాకా ఇది నాకు జరిగిన అన్యాయం కథలా ఉంది కదా. ఉట్నూరు సంగతి చెప్పకపోతే అలాగే మిగులుతుంది.

2004 వానాకాలం. ఆదిలాబాద్ ఏజెన్సీలో జ్వరాలు. ప్రతి వానాకాలం అదే వార్త, అవే విజువల్స్: మంచం, సెలైన్ బాటిల్, వాగు. అక్కడి స్ట్రింగర్‌కే జ్వరమొస్తే నన్ను పంపారు. ఒక గోండు గూడెంలో కొడుకు పోయిన ముసలామె దొరికింది. దొరికింది అనే మా భాషలో అంటాం, క్షమించండి. కెమెరా ఆన్ చేశాను. ఆమె గోండిలో మాట్లాడుతోంది, ఆగకుండా, ఏడవకుండా. నాలుగు నిమిషాలయింది. నాకు ఒక్క ముక్క తెలియదు. డెస్క్ ఏమంటుందో మాత్రం తెలుసు. క్యాసెట్ మార్చి, “అవ్వా, తెలుగుల చెప్పు” అన్నాను. ఆమె నా వైపు కాసేపు చూసి, వచ్చిన తెలుగును కూడగట్టుకుని, “కొడుకు పోయిండు. డాక్టర్ రాలే” అంది. అది వెళ్లింది. ఐదు సెకన్లు. మంచి బైట్ అని ఇన్‌పుట్ నుంచి మెచ్చుకుంటూ ఫోన్ కూడా వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. తెలుగుకు చుట్టమే, ద్రావిడ భాష. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో మాత్రం లేదు. 1986లో మొదలైన ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం గోండిలో కార్యక్రమాలు ఇచ్చింది. మా శాటిలైట్ ఛానెళ్లన్నీ కలిసి అంత కూడా చేయలేదు. ఏటా పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు ఓబీ వ్యాన్లు వరుసకడతాయి. డోలు వినిపిస్తుంది, నృత్యం కనిపిస్తుంది, దాని మీద మన తెలుగు వాయిస్ ఓవర్ నడుస్తుంది.

మొదటి క్యాసెట్ నేను పంపలేదు. పారేయలేదు కూడా. మొన్న ఇల్లు మారుతుంటే బయటపడింది. ప్లేయర్ దొరకడానికే నెల పట్టింది. ఉట్నూరు నుంచి వచ్చి కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్న గోండు పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. అతను ఒకసారి మొత్తం విన్నాడు, రెండోసారి ఆపుకుంటూ చెప్పాడు.

“మొదలు సోమవారం అంగడి నుంచి వచ్చినంక చలి పెట్టిందట సార్. మంగళవారం పొద్దుగాల ఎడ్లబండి కట్టిన్రట, వాగు నిండుగ ఉన్నదట. ఒడ్డు మీద ఇద్దరు మనుషులు నిలబడ్డరట, వాళ్ల పేర్లు చెప్తున్నది. అవతలి ఒడ్డున జీపు ఆగి, మళ్లీ తిరిగిపోయిందట. అందుల ఎవరున్నరో కూడా చెప్తున్నది. బుధవారం మాపటికి...”

అక్కడ క్యాసెట్ అయిపోయింది.