కుక్క ఆహారం సంచి కొనేముందు రైతులు చూడవలసినవి

గేదెల దాణా కొనేటప్పుడు మాంసకృత్తులు ఎంత శాతం, తవుడు ఎంత కలిపారు, చెక్క ఏ రకం అని నాలుగు ప్రశ్నలు వేసే రైతు, చేను కాసే కుక్కకు మాత్రం సంచి మీద బొమ్మ చూసి ఆహారం కొంటున్నారు. లేదా మిగిలిన అన్నంలో మజ్జిగ కలిపి పెడుతున్నారు. నేను వ్యవసాయ పట్టభద్రుణ్ణి, పశువైద్యుణ్ణి కాను. అయినా దాణా సంచి చదవడం వచ్చిన వారికి కుక్క ఆహారం సంచి చదవడం పెద్ద కష్టం కాదు.

ముందుగా తేమ శాతం చూడాలి. పచ్చిమేతను, ఎండుమేతను బరువు చూసి పోల్చం కదా, ఇక్కడా అంతే. పొడి గుళికల సంచిపై మాంసకృత్తులు 27 శాతం, తేమ 10 శాతం అని ఉంటే, తేమ తీసేసిన ఎండు పదార్థంలో మాంసకృత్తులు 30 శాతం. తడి ఆహారం డబ్బాపై మాంసకృత్తులు 8 శాతమే కనిపించినా, తేమ 80 శాతం ఉంటే ఎండు పదార్థంలో అవి 40 శాతం. అమెరికాలో పాటించే ఆఫ్కో ప్రమాణాల ప్రకారం ఎండు పదార్థంలో పెద్ద కుక్కకు కనీసం 18 శాతం, పిల్లలకు, చూడి కుక్కలకు, పాలిచ్చే కుక్కలకు 22.5 శాతం మాంసకృత్తులు ఉండాలి.

అయితే ఈ అంకెనే పూర్తిగా నమ్మకండి. ముడి మాంసకృత్తులు అంటే ఆహారంలోని నత్రజనిని కొలిచి 6.25తో గుణించిన లెక్క. ఆ నత్రజని కోడి మాంసం నుంచి వచ్చిందో, ఇంకెక్కడి నుంచి వచ్చిందో పరీక్ష చెప్పదు. 2007లో అమెరికాలో బయటపడిన మెలమైన్ కల్తీ ఇలాంటిదే. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిపి మాంసకృత్తులు ఎక్కువగా చూపించారు. అది తిన్న కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. అందుకే దినుసుల జాబితా కూడా చదవాలి. బరువులో ఎక్కువ ఉన్న దినుసు ముందు వస్తుంది. 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అనే మాట, అది ఏ వయసు కుక్కకో కూడా సంచిపై ఉండాలి. ఆ మాట లేనిదాన్ని చిరుతిండిగానే లెక్కించండి.

ఇంటి తిండి తప్పేమీ కాదు, వండిన అన్నం కుక్కకు బాగానే అరుగుతుంది. చిక్కు ఎక్కడంటే, 15 కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 900 కిలో కేలరీలు కావాలి. అన్నంతోనే ఇవ్వాలంటే దాదాపు 700 గ్రాముల అన్నం పెట్టాలి. అందులో మాంసకృత్తులు సుమారు 19 గ్రాములే, కావలసింది 40 గ్రాములు. కాల్షియం 70 మిల్లీగ్రాములే, కావలసింది 1,100. పావుకిలో పెరుగు కలిపినా కాల్షియం లోటు తీరదు.

మా ఇంట్లోనే ఈ తప్పు జరిగింది. కూరలోని మెత్తటి మాంసం, అన్నం పెట్టి పెంచిన పిల్లకు నాలుగో నెలలో ముందు కాళ్లు వంకరపోయాయి. బలమైన తిండి పెడుతున్నామనే అనుకున్నాం, ఎముకకు కావలసిన కాల్షియం మాత్రం అందులో లేదు. పశువైద్యుడు చెప్పేదాకా తెలియలేదు. అలాగని పెద్ద జాతి పిల్లలకు కాల్షియం మందులు ఎడాపెడా పోయకూడదు, ఎక్కువైనా ఎముకలు చెడతాయి.

పెద్ద కుక్కకు అన్నం 400 గ్రాములకు తగ్గించి, రెండు ఉడికించిన గుడ్లు, 100 గ్రాముల ఎముకల్లేని కోడి మాంసం, అర టీస్పూను గుడ్డు పెంకుల మెత్తని పొడి చేరిస్తే పైన చెప్పిన లోటు చాలావరకు తీరుతుంది. జింకు, రాగి, విటమిన్ల లోటుకు ఏ మిశ్రమం, ఎంత కలపాలో పశువైద్యుని అడగండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు పెట్టరాదు.

అమ్మకానికి పనికిరాదని బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ పప్పు కుక్కకు వేయడం చాలాచోట్ల చూశాను. బూజులోని అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వండినా పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజు మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని పరిశోధించారు. అదే తిండి తిన్న ఇంటి కుక్కలకూ కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు చేరింది. కొన్న ఆహారానికీ ఇదే జాగ్రత్త అవసరం. విడిగా అమ్మేది కొనకండి, సంచి విప్పాక మూతి బిగించి తేమ తగలని చోట ఉంచండి.

కోళ్ల దాణా కూడా పెట్టకండి. రక్తపారుడు రాకుండా అందులో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కుక్కకు విషం.

గొర్రెను కోసినప్పుడు నీటి తిత్తులున్న కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు విసరకండి. వాటితో కుక్క పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్క మలంలోని ఆ పురుగు గుడ్లు మన చేతికి, నోటికి చేరితే మన కాలేయంలోనూ అలాంటి తిత్తులే వస్తాయి. ఆ అవయవాలను కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. మంద వెంట తిరిగే కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఎన్నాళ్లకోసారి ఇవ్వాలో మీ మండల పశువైద్యశాలలో అడిగి రాసుకోండి.